పసుపు బొట్టు పిడకలు

మా ఆఫీసులో ఎవరికి చెప్పినా నమ్మలేదు. కంచరపాలెంలో, రైలు పట్టాలకి ఆనుకున్న వీధిలో, ఇల్లూ ఇల్లూ భుజాలు రాసుకునే చోట, మూడో అంతస్తు డాబా మీద ఒకావిడ పిడకలు కొడుతుందంటే నవ్వారు. ఫోటో తీసి చూపించాను. పిట్టగోడ లోపలి వైపు వరసగా పిడకలు, ఒక్కోదాని మీదా అయిదు వేళ్ళ అచ్చు. కింద నుంచి గూడ్సు బండి వెళ్తే డాబా మొత్తం సన్నగా వణుకుతుంది. పిడక మాత్రం ఒక్కటీ ఊడిపడదు.

ఆవిడ పేరు దేముడమ్మ. మాది పక్క డాబా. నేను పిన్నీ అంటాను కానీ చుట్టరికం ఏమీ లేదు. రెండు డాబాలకీ మధ్య మోకాలెత్తు గోడ ఉంది, దాన్ని రోజూ దాటీ దాటీ పిన్ని అయిపోయింది.

నా సంగతి కూడా కొంచెం చెప్పాలి. నా పేరు నాగశ్రీ. రైల్వేలో టిక్కెట్ల కౌంటర్లో కూర్చుంటాను. పొద్దంతా అద్దం అవతలి వాళ్ళు నా మీద అరుస్తారు, నేను వాళ్ళ మీద అరుస్తాను. సాయంత్రం డాబా ఎక్కి, మనుషులకి దక్కని మర్యాదంతా మొక్కలకి చేస్తాను. ఎండాకాలం వచ్చిందంటే నాకు పూనకమే. కొబ్బరి పొట్టు తడిపి, కోడిగుడ్ల అట్టల్లో నింపి, ఒక్కో గుంటలో ఒక్కో గింజ పెట్టి, పేరు రాసిన ఐస్‌క్రీం పుల్ల గుచ్చుతాను. శకునాలూ, దిష్టీ, ముహూర్తాలూ అంటే నాకు ఒళ్ళు మంట. చూసింది చూసినట్టు చెప్పే మనిషిని. అందుకే ఈ సంగతి నేనే చెప్పాలనుకున్నాను, ఇంకెవరైనా చెప్తే కల్పించారనుకుంటారు.

పిన్ని గొప్ప తోటగత్తె అనుకునేరు, కాదు. టమాటా మొక్కకి నీళ్ళు పోసి పోసి చంపేస్తుంది. గులాబీకి టీపొడి వేస్తే మంచిదని నేను చెప్తే, పాలూ పంచదారా కలిపిన టీయే తెచ్చి పోసింది. మిరప ముడుచుకుపోతే దాని ముందు కూర్చుని తిడుతుంది. ఆవిడకి వచ్చిన విద్య ఒక్కటే, ఆనపపాదు. మిగతా జిల్లాల్లో సొరకాయ అంటారు, మాకు అది ఆనపకాయ. పిన్ని కాయ బజార్లో దొరికే బారు కాయ కాదు. అడుగు చెంబులా గుండ్రంగా ఉంటుంది. పైన సన్నటి మెడ, ఆ మెడ ఎవరో పిలిస్తే తిరిగి చూసినట్టు ఓ పక్కకి వంగుతుంది. లేత కాయ కోసి, ఆవ పెట్టి కూర వండితే వీధి మొత్తానికి గిన్నెలు వెళ్ళేవి. గిన్నె రాని రోజు నేనే గోడ దాటి వెళ్ళి తెచ్చుకునేదాన్ని.

ఆ గింజ దాచే పద్ధతే పిడక. పాదు మీద ఒక కాయని కొయ్యకుండా ముదరనిస్తుంది. అది ఎండి, ఊపితే గలగలలాడాక పగలగొట్టి, గింజల్ని పచ్చి పేడముద్దలో గుచ్చి గోడకి కొడుతుంది. పురుగు పట్టదు, ఎలుక ముట్టదు. తొలకరికి ఆ పిడక విరిచి ముక్కతో సహా పాదులో పాతేస్తుంది. గింజలున్న పిడక నడిమధ్యన పసుపు బొట్టు పెడుతుంది. బొట్టు లేనివి ఉత్త పిడకలు, అవి సాయంత్రాలు దోమల పొగకి.

పేడ తెచ్చే డ్యూటీ వీర్రాజు బాబాయిది. పిన్ని భర్త, పోర్టులో చేసి రిటైరయ్యాడు. రైల్వే గేటు అవతల గేదెల శాల నుంచి బకెట్టుతో వస్తూ రోజూ గొణిగేవాడు.

"ఇన్నేళ్ళు ఓడల్లోంచి బొగ్గు దింపినాను నాగసిరీ, ఒక్కుడూ నవ్వనేదు. ఈ పేడ బకెట్టట్టుకుంటే గేటు కాడ ఆటోవోళ్ళందరూ నవ్వుతన్నారు."

"నవ్వనీ. ఆళ్ళకి పళ్ళున్నాయని తెలుత్తాది," అనేది పిన్ని.

ఒకసారి నేనే అడిగాను, ఇంత తంటా ఎందుకు పిన్నీ, డబ్బాలో పోసి ఫ్రిజ్జులో పెట్టుకోవచ్చు కదా అని. "మాయమ్మకి ఫ్రిజ్జు నేదు కదమ్మా," అంది. అంటూనే, చేత్తో పేడ పిసుకుతూ, చెప్పుకొచ్చింది.

పిన్ని పుట్టిన ఊరు ఇప్పుడు లేదు. స్టీలు ప్లాంటు కోసం ఊళ్ళు ఖాళీ చేసినప్పుడు అదీ వెళ్ళిపోయింది. అప్పటికి పిన్ని చిన్న పిల్ల. అందరూ బళ్ళ మీదకి మంచాలు, బిందెలు, ఊడదీసిన తలుపులు ఎక్కిస్తుంటే వాళ్ళమ్మ చిట్టమ్మ గోడ దగ్గర నిలబడి పిడకలు ఒలుస్తోందట. "పేడ మోసుకెల్తందిరా ఇది," అని బండివాళ్ళు పడీ పడీ నవ్వారట. చిట్టమ్మ ఆ పిడకల గంప ఒళ్ళో పెట్టుకుని బండిలో కూర్చుందట. ఇది చెప్తూ పిన్ని ఏడవలేదు, నిట్టూర్చనూ లేదు. "ఆ కాయి రుసి అలాటిది మరి," అని పిడక గోడకేసి కొట్టి, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిపోయింది.

నాకు మాత్రం ఆ రోజు నుంచి ఆ పిట్టగోడని చూస్తే మనసు ఒక్క క్షణం ఆగేది. ఆ ఊరి వీధి లేదు, బావి లేదు, పిడకలు కొట్టిన ఆ మట్టి గోడా లేదు. గింజ మాత్రం ఏటా మా పక్క డాబా మీద మొలుస్తోంది. పాత డ్రమ్ములమ్మే జలీల్ భాయి ఓల్డ్ టౌన్ నుంచి తెచ్చి కోసిచ్చిన నీలం డ్రమ్ములో, గూడ్సు బళ్ళ మోతలో, గాలి తిరిగినప్పుడల్లా ఆకుల మీద పడే నల్లటి పోర్టు బొగ్గు ధూళిలో. పిన్ని పొద్దున్నే తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేది. పసిపిల్ల మొహం కడిగినట్టు కడుగుతోందని నేను ఏడిపించేదాన్ని.

పోయిన ఏడాది వాళ్ళమ్మాయి సాయిదుర్గ, అల్లుడు ఉదయ్‌కుమార్ సబ్బవరం దగ్గర కొత్త కాలనీలో చిన్న ఇల్లు కట్టుకున్నారు. సాయిదుర్గ మందుల షాపులో చేస్తుంది, ఉదయ్‌కుమార్ లారీల ఆఫీసులో. అమ్మనీ నాన్ననీ కూడా తమతోనే ఉండమన్నారు. ఇల్లు ఇంకా సగంలో ఉండగా పిన్ని నన్ను తీసుకెళ్ళింది. ఇది హాలు, ఇది వంటిల్లు అని మేస్త్రి చూపిస్తుంటే వినకుండా వెనక జాగాలోకి వెళ్ళిపోయింది. నేను వెళ్ళేసరికి ఈశాన్యం మూల కూర్చుని గునపంతో పాదు తవ్వేస్తోంది. తవ్వి తవ్వి, మట్టిలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి ఆగిపోయింది.

"ఏటయ్యింది పిన్నీ, పురుగేమైనా కుట్టిందా?"

"దీనికడుగు నేదే," అంది.

నాకు అర్థం కాలేదు.

"డ్రమ్ముకి అడుగుంతాది కదమ్మా. ఏరు కిందకెల్లి, అడుగు తగిలి, అక్కడక్కడే గిర్రున తిరుగుతాది. పెళ్ళయ్యి ఈ సిటీలోకొచ్చిన కాణ్ణుంచీ అలగే పెంచినాను. దీనికి అడుగు నేదు. ఎంతెల్తే అంత."

చెయ్యి బయటికి తియ్యలేదు. ఆవిడ మొహం చూసి నేను కూడా చెప్పులిప్పి కూర్చుని, పక్కనే నా చెయ్యి పెట్టాను. పైన మట్టి ఎండకి కాలిపోతోంది. లోపలికి వెళ్ళేకొద్దీ చల్లబడింది, ఇంకా లోపల తడి తగిలింది. ఇన్నేళ్ళుగా ఇన్ని కుండీల్లో మొక్కలు పెంచాను, ఈ మాట నాకెప్పుడూ తట్టలేదు. ఇద్దరం అలా మట్టిలో చేతులు పెట్టుకుని కూర్చుంటే మేస్త్రి మాకేదో దొరికిందనుకుని పరిగెత్తుకొచ్చాడు.

ఆ ఎండాకాలం అంతా మాకు అదే ధ్యాస. ఈ గోడకి బీర, ఆ పక్క చిక్కుడు, గేటు దగ్గర గోంగూర, పందిరి తూర్పు నుంచి వెయ్యాలా పడమర నుంచా అని రోజూ గోడకి అటూ ఇటూ నిలబడి వాదించుకునేవాళ్ళం. వంగ నారూ మిరప నారూ నా ట్రేలలో నేను పోస్తానన్నాను, సరేనంది. ఆనప మాత్రం ముట్టుకోవద్దంది. "అది నేల సూసి ఎన్నాళ్ళయ్యిందో. నాను నా సేత్తోనే ఎట్టాల," అంది.

వైశాఖంలో గృహప్రవేశం. పాలు పొంగించడానికి పిడకలు కావాలి. ఇప్పుడు పిడకలు కూడా ప్యాకెట్లలో దొరుకుతున్నాయి, ఫోన్లో నొక్కితే ఇంటికొస్తాయి. పిన్ని ఒప్పుకుంటే కదా. "కొన్న పిడకల్తోటి నా కూతురింట్లో పాలు పొంగిత్తానేటి?" అని గోడ మొత్తం ఒలిచేసింది. డాబా ఎలాగూ ఖాళీ చేస్తున్నారు. ఉత్త పిడకలు ఒక గంపలో, బొట్టు పిడకలు ఇంకో గంపలో సర్దింది. రెండు గంపలూ ఒకే ఆటోలో సబ్బవరం వెళ్ళాయి.

సాయిదుర్గ మంచి పిల్ల. ఏ పని చేసినా కళ్ళకద్దుకునేలా చేస్తుంది. అదే కొంప ముంచింది. తెల్లారగట్ల గడపకి పసుపు రాసి, పొయ్యి ఇటుకలకి బొట్లు పెట్టి, పిడకల దగ్గరికొచ్చింది. ఒక గంపలో అన్నిటికీ పసుపు బొట్టు ఉంది, రెండో గంపలో దేనికీ లేదు. పాపం అమ్మ మొదలుపెట్టి వేరే పనిలో పడి వదిలేసిందనుకుని, రెండో గంపలోవాటికి కూడా బొట్లు పెట్టేసింది. అన్నిటి మీదా కుంకుమ అద్దింది. అన్నీ కలిపి, వాటిలో గుండ్రంగా, మందంగా, ముచ్చటగా ఉన్నవాటిని ఏరి పళ్ళెంలో పేర్చింది. గుండ్రంగా, మందంగా ఉండేవి ఏవంటే గింజల పిడకలే. పిన్ని వాటినే శ్రద్ధగా చేసేది మరి.

ఆ సమయానికి పిన్ని బయట ఆవుని గుమ్మంలోకి నడిపించే హడావిడిలో ఉంది. లోపలికొచ్చి నా పక్కన నిలబడేసరికి పొయ్యి అంటుకుంది. పంతులు గారు మంత్రాలు చదువుతున్నారు. కూతురూ అల్లుడూ పీటల మీద కూర్చుని నెయ్యి వేస్తున్నారు. ఇత్తడి గిన్నెలో పాలు, గిన్నె కింద మంట. అంతలో ఒక పిడక వేడికి చిట్లి రెండుగా విరిగింది. విరిగిన చోట లేత గోధుమరంగు గింజల మొనలు వరసగా కనబడ్డాయి.

అది నేను చూశాను. తిరిగి పిన్ని మొహం చూశాను. ఆ మొహం ఎలా ఉందో చెప్పడానికి నాకు చేతకాదు.

ఆవిడ ఒక అడుగు ముందుకేసింది. చెయ్యి లేచింది. ఆ చెయ్యి నేరుగా నిప్పులోకే వెళ్తుందని నాకు తెలిసిపోయింది, పట్టుకుందామని నేనూ కదిలాను. సరిగ్గా అప్పుడే సాయిదుర్గ తలెత్తి వాళ్ళమ్మని చూసి నవ్వింది. కొత్త చీర, తలనిండా పూలు, పొగకి ఎర్రబడ్డ కళ్ళు. "అమ్మా, ఇటు సూడు, పొంగడానికొత్తన్నాయి," అంది.

పిన్ని చెయ్యి దించేసింది.

ఇందాకే చెప్పాను, శకునాల మీద నాకు నమ్మకం లేదని. కానీ నమ్మేవాళ్ళ మధ్యనే బతుకుతున్నాను. పీటల ముందు పొయ్యి చెదిరి, పాలు పొంగకుండా ఆగిపోతే ఆ మాట ఆ ఇంటిని వదలదు. ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరి ఉద్యోగం ఊగినా, ఆ రోజు పాలు పొంగలేదు కదా అంటారు. పిల్ల ఆ మాట మోస్తూ ఆ ఇంట్లో బతకాలి. పిన్నికి ఇదంతా ఆలోచించే వ్యవధి ఎక్కడుంది? చెయ్యి దించింది, అంతే.

పొయ్యిలో చిటుకు చిటుకుమని చప్పుళ్ళు మొదలయ్యాయి. నెయ్యి ఎక్కువైందన్నారు ఎవరో. నెయ్యి కాదు, గింజలు పేలుతున్నాయి. ఒక్కో చప్పుడికీ పిన్ని కళ్ళు మూసి తెరిచింది. నా చెయ్యి దొరకబుచ్చుకుని గట్టిగా పట్టుకుంది.

పాలు పొంగాయి. సాయిదుర్గ అంచుదాకా పోసేసింది కాబట్టి మామూలుగా కాదు, బుసబుసా పొంగి, తూర్పు వైపు గిన్నె దాటి పొయ్యిలోకి పడిపోయాయి. ఆ పక్క నిప్పు చుయ్యిమని ఆరింది. తెల్లటి పొగ గది నిండా కమ్మేసింది. "తూర్పుకే పొంగినాయి, తూర్పుకే!" అని ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. పిన్ని చెంపల మీద ధారగా నీళ్ళు కారుతున్నాయి. సొంతింటి ఆనందం అన్నారు చుట్టాలు. బాబాయి కూడా అదే అనుకుని, అందరిలో ఏడవొద్దని తన తువ్వాలు ఇచ్చాడు.

భోజనాల సందడిలో పిన్ని కనబడకపోతే వెనక్కి వెళ్ళాను. మిగిలిన పిడకలన్నీ ముందేసుకుని ఒక్కోటీ విరుస్తోంది. అన్నీ ఉత్తవే. ఒక్క దాంట్లోనూ గింజ లేదు.

"ఒక్క మాట చెప్తే పోయేది కదా పిన్నీ, నేను లాగేసేదాన్ని కదా," అన్నాను. నాకు కోపం ఎవరి మీదో తెలీదు, గొంతు మాత్రం కౌంటర్లో అరిచినట్టే లేచింది.

"పాలు పొంగాల కదమ్మా," అంది.

"సాయికి చెప్తావా?"

"సెప్పను. నువ్వూ సెప్పకు, నా మీదొట్టు. దానింట్లో అది ముచ్చటపడి ఎట్టుకున్న బొట్లవి. అది తప్పని దానికి ఎందుకు తెలియాల?"

అప్పుడు అడిగింది, నీ దగ్గర నాలుగు గింజలున్నాయా అని. నా దగ్గర ఎక్కడివి? దేశంలో ఉన్న విత్తనాలన్నీ కొన్నాను కానీ ఆవిడ గింజ ఎప్పుడూ దాచలేదు. ఏటా గిన్నెడు కూర వస్తుంటే గింజ దాచాలని ఎవరికి తోస్తుంది? వీధిలో ఇల్లిల్లూ ఫోన్ చేశాను. అందరూ లేతకాయ రుచి గురించి ఎంతసేపైనా మాట్లాడారు. ముదురు కాయ ఒక్కరింట్లోనూ లేదు.

సాయంత్రం పొయ్యి చల్లారాక పిన్ని దాని ముందు కూర్చుంది. బూడిదలో వేళ్ళు పెట్టి వెతికితే ఒక గింజ దొరికింది. ఆకారం చెక్కుచెదరలేదు. రెండు వేళ్ళ మధ్యకి తీసుకోగానే నల్లటి పొడి అయిపోయింది. ఇంక వెతకలేదు. బూడిదా, పాలకి తడిసి గడ్డకట్టిన సగం కాలిన ముక్కలూ అన్నీ చేటలోకి ఎత్తి, వెనక మూలకి తీసుకెళ్ళి, తను తవ్విన పాదులో పోసి మట్టి కప్పింది. "ఏ గింజకని తవ్వినానో దానికే సేరనీ," అంది. ఆ తర్వాత చాలా రోజులు ఆ మూల వైపు వెళ్ళనే లేదని బాబాయి చెప్పాడు.

నేను ఊరుకోలేక ఫోన్లో వెతికి, అలాంటి మెడ ఉన్న ఆనప గింజలు తెప్పించాను. నా ట్రేలలో చక్కగా మొలిచాయి. పట్టుకెళ్తే మర్యాదగా తీసుకుని పక్క గోడ వెంట పాతింది. పాదు మాత్రం ఖాళీగానే ఉంచింది. ఇంత మంచి పాదు ఎండబెట్టుకుంటావేం అని దెబ్బలాడాను. వినలేదు. దెబ్బలాడినందుకు బస్సెక్కాక నాకే బాధేసింది.

మృగశిర కార్తె వచ్చాక ఒక రాత్రంతా వాన పడింది. రెండు మూడు రోజులు విడిచి విడిచి పడుతూనే ఉంది. ఆ వారంలో ఒక మధ్యాహ్నం సాయిదుర్గ ఫోన్ చేసింది.

"అక్కా, గేటు కాడ ఏటో బోలెడు మొక్కలు మొలిసినాయి. అమ్మ తవ్విన పాదులో కూడా ఒకటి వొచ్చింది. పొద్దున్నించీ అమ్మ దాని ముందే కూకుండిపోనాది. తిండికి పిలిసినా రాదు. ఏటయ్యిందక్కా అమ్మకి?"

గేటు దగ్గర ఏం మొలిచాయో నాకు తెలుసు. గృహప్రవేశం రోజు దిష్టికని గుమ్మం ముందు బూడిద గుమ్మడికాయ పగలగొట్టారు. గింజలన్నీ చెల్లాచెదురయ్యాయి. దాని మొలకా ఆనప మొలకా మొదట్లో ఒక్కలాగే ఉంటాయి, రెండు మందపాటి బద్దాకులు. పిల్లలు కాలితో తంతే ఒక గింజ వెనక్కి ఎగిరి ఉంటుంది. పాపం పిన్ని ఆశ పెట్టుకుంది. చల్లగా, నొప్పి తెలియకుండా చెప్పాలి అనుకుని మర్నాడు సెలవు పెట్టి బస్సెక్కాను. ఏ మాటలతో మొదలుపెట్టాలో దారంతా సర్దుకున్నాను.

వెళ్ళేసరికి సన్నగా తుంపర పడుతోంది. పిన్ని గొడుగు పట్టుకుని పాదు ముందు గొంతుక్కూర్చుంది. గొడుగు మొలక మీద ఉంది, ఆవిడ తడుస్తోంది.

"పిన్నీ, ఇది గుమ్మడేమో..." అన్నాను.

 వేలెత్తి చూపిస్తే మొలక వాడిపోతుందని భయం కదా, ఆవిడ పిడికిలి బిగించి దానితో చూపించింది. నేను వంగాను.

మొలక ఇంకా పూర్తిగా విచ్చుకోలేదు. బద్దాకుల నెత్తి మీద గింజ పెంకు ఇంకా అంటుకునే ఉంది. గుమ్మడి గింజ పల్చగా, తెల్లగా ఉంటుంది. ఇది బారుగా, గోధుమరంగులో, కొసకి రెండు చెవుల్లా మొనలతో ఉంది. ఆనప గింజ. ఒక పక్క మామూలుగా ఉంది. రెండో పక్క కాలి నల్లబడిపోయింది.

నేను అలాగే మోకాళ్ళ మీద బురదలో కూలబడ్డాను.  విత్తనాలు మొలిపించడం నాకు కొత్త కాదు. నీడన పెట్టి, తడి ఆరకుండా చూసి, రోజుకి పదిసార్లు మూత తీసి చూసుకుంటే నా ట్రేలలో సగం మొలుస్తాయి, సగం కుళ్ళిపోతాయి. దీన్ని నిప్పులో వేశారు. నెయ్యి పోసి మరీ కాల్చారు. అది ఆ నల్లటి పెంకు నెత్తిన పెట్టుకుని, ఏమీ జరగనట్టు పచ్చగా లేచి నిలబడింది. దానికి నమస్కారం పెట్టాలనిపించింది, పెట్టాను. చూసేవాళ్ళు ఉన్నా పెట్టేదాన్ని.

తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే లెక్క తేలింది. పాలు పొంగి పడిన పక్క నిప్పు ఆరిపోయింది. ఆ పక్కనున్న పిడక ముక్క లోపలిదాకా కాలలేదు. పేడ వేడిని ఆపింది, పాలు నిప్పుని ఆపాయి. ఏ పాలు పొంగాలని పిన్ని చెయ్యి దించుకుందో ఆ పాలే వచ్చి గింజని కాపాడాయి. లెక్క తేలింది కానీ నా ఆశ్చర్యం ఇప్పటికీ తేలలేదు.

"పెంకు ఇరుక్కుపోయినట్టుంది, కొంచెం తడిపి తీసెయ్యనా?" అన్నాను. ట్రేలలో అలా ఇరుక్కుంటే నేను గోరుతో తీసేస్తూంటాను.

"ఒగ్గీ. నిప్పులోంచి నడిసొచ్చింది, టోపీ తీసుకోనేదేటి?" అంది పిన్ని. అన్నాక నవ్వింది, నవ్వుతూనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఈసారి సొంతింటి ఆనందం అని ఎవరూ అనలేదు. సాయిదుర్గ గుమ్మంలో నిలబడి, ఒక్క మొక్కకి వీళ్ళిద్దరికీ ఏమొచ్చిందా అన్నట్టు చూస్తోంది.

ఆ ఒక్కటే మొలిచింది. ఇంకోటి రాలేదు. కాబట్టి పిన్ని ప్రాణం దాని మీదే. నత్తలు రాకుండా చుట్టూ బూడిద పోసింది, మేకలు రాకుండా ముళ్ళకంప కట్టింది, ఆఖరికి బాబాయిని కూడా ఆ పక్క నడవనివ్వలేదు. అడుగు లేని నేల కదా, నెల తిరిగేసరికి తీగ పందిరెక్కింది. పందిరి చాలక గోడెక్కింది, గోడ దాటి పక్క ఖాళీ స్థలంలోకి దిగింది. నీలం డ్రమ్ములో నేను ఇన్నేళ్ళు చూసింది ఈ పాదునేనా అనిపించింది. సాయంత్రాలు తెల్లటి పూలు విచ్చుకునేవి. మొదటి పిందె పడింది, మెడ తిప్పి చూసింది.

"మొదటి కాయి, లేతగుంది, కోసీవే," అన్నాడు బాబాయి, ఆవకూర మీద మనసై. పిన్ని కొయ్యనివ్వలేదు. మొదటిది గింజకే అంది. తర్వాత కాసినవి తిన్నాం. గిన్నెలు సబ్బవరం నుంచి కంచరపాలెం దాకా బస్సులో వచ్చాయి.

చలికాలం వచ్చింది. ఆ కాయ ఎండి, చెక్కలా గట్టిపడింది. ఊపితే గలగలలాడింది. ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి పిన్ని దాన్ని పగలగొట్టి, పేడ పిసికి, వెనక గోడకి పిడకలు కొడుతోంది. సాయిదుర్గకి ఆ రోజు సెలవు. తలంటుకున్న జుట్టు ఆరబెట్టుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది.

పిన్ని కాసేపు ఏదో ఆలోచించి, పసుపు గిన్నె కూతురి ముందుకి జరిపింది.

"ఇంద. ఈ వరసలో పిడకలకి నువ్వు బొట్టెట్టు. రేప్పొద్దున్న నాను నేకపోయినా నువ్వు సెయ్యాల కదా."

సాయిదుర్గ వేలు ముంచి, చక్కగా, గుండ్రంగా ఒక్కో బొట్టూ పెట్టుకుంటూ వెళ్ళింది. వరస అయిపోయింది. "ఆ కింద వరసకి కూడా ఎట్టీనా?"

"వొద్దు. ఆటిల్లో గింజల్నేవు. బొట్టుంటే గింజున్నట్టు, బొట్టు నేకపోతే ఉత్తదని."

సాయిదుర్గ వేలు గాల్లో ఆగిపోయింది. గోడ వైపు చూసింది. వంటింటి వైపు చూసింది, ఆ రోజు పొయ్యి పెట్టిన చోటు వైపు. తర్వాత పందిరి మీద ఎండిన తీగ వైపు చూసింది. ఆ పిల్ల మొహంలో రంగు దిగిపోవడం నాకు కనబడుతోంది. నేను తలొంచుకున్నాను.

"అమ్మా... ఆ రోజు వొక గంపలోవాటికి ముందే బొట్లున్నాయి. నాను మిగతావాటికి కూడా..."

పిన్ని ఆగలేదు. ఇంకో ముద్ద తీసి, గింజలు గుచ్చి, గోడకేసి కొట్టింది. అయిదు వేళ్ళూ అచ్చు పడ్డాయి.

"పాలు పొంగినాయి కదే," అంది. "ఇదుగో, దీనికి ఎట్టు."